గాలి చిక్కబడే దారి

పోయిన వారం మసిందే నీలం బండి లారీ వీపు మీద ఎక్కి మా గేటు ముందుకొచ్చిన చోట ఆపేశాను. అక్కడ ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు క్షమించాలి. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకి మాత్రం వెనకటి సంగతి నాలుగు మాటల్లో చెప్పి ముందుకెళ్తాను.

నైరోబీ ఇండస్ట్రియల్ ఏరియాలో మా అన్న కిథింజికి ఇంజన్ ట్యూనింగ్ షెడ్డుంది. అందరూ ఆయన్ని ఫుండీ అంటారు, అంటే మెకానిక్కని. కంపెనీ వాళ్లు ఇంజన్‌కి వేసిన ముకుతాడు మా అన్న విప్పుతాడు. లాప్‌టాప్ తీగ బండికి తగిలించి, పెట్రోలు ఎంత పడాలో, నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో తిరగరాస్తాడు. నిన్నటిదాకా గేదెలా నడిచిన బండి మర్నాటి నుంచి దూకుతుంది. నేను కవీరాని, ఆయన చెల్లెల్ని. బండి కడుపులో ఏముందో అన్న చూసుకుంటాడు, బండి తెచ్చినవాళ్ల కడుపులో ఏముందో నేను చూసుకుంటాను. రెండోదే కష్టమైన పని.

మసిందే మా షెడ్డుకి అందరికంటే దగ్గరి కస్టమరు. అతని బండికి ఈ వానాకాలంలోనే అన్న తన కొత్త ట్యూనింగు చేశాడు. ఆ బండి తీసుకుని అతని తమ్ముడు సిమియు సముద్రపు ఒడ్డున ఉన్న మొంబాసాకి బయల్దేరాడు. మరియాకని దగ్గర ఒక ట్రెయిలర్‌ని దాటబోతుండగా ఇంజన్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. ఎదురుగా బస్సు. సిమియు స్టీరింగు తిప్పేసి గోతిలోకి దూకించాడు కాబట్టి ప్రాణం దక్కింది. తుంటి విరిగి మొంబాసా ఆస్పత్రిలో పడున్నాడు.

ఇక శనివారం సంగతి. శనివారం మా షెడ్డులో సాక్ష్యాల రోజు. ఆ పేరు నేను పెట్టిందే. ఆదివారం చర్చిలో లేచి నిలబడి దేవుడు మాకీ మేలు చేశాడని చెప్తారు కదా, శనివారం మా దగ్గర కిథింజి మా బండికి ఈ మేలు చేశాడని చెప్తారు. నేను పాల టీ పోస్తాను, వేడి వేడి మందాజీ బూరెలు పంచుతాను. పాత టైర్ల మీద కూర్చుని కొత్తవాళ్లు నోరెళ్లబెట్టి వింటారు. ఒకాయన లిమూరు ఎత్తు మీద బస్సుల వెనక పొగ మింగడం మానేశానంటాడు. ఇంకొకాయన ట్యూనింగైన మర్నాడే తన మేనేజరు కారుని దాటేశాడట, ఆ తర్వాత ఉద్యోగం పోయిందట, అయినా ఆ దాటిన సుఖం దేనిలోనూ రాదంటాడు.

మా బోర్డు చూసి వచ్చేవాళ్లకంటే ఈ సాక్ష్యాలు విని వచ్చేవాళ్లే ఎక్కువ. అందులోనూ మసిందే సాక్ష్యం ఒక్కటీ ఒక ఎత్తు. చేతులు తిప్పుతూ, నోటితోనే గేర్లు మారుస్తూ, ఇంజన్ చప్పుడంతా చేసి చూపిస్తాడు. అతని మాట నమ్మి బండ్లు తెచ్చినవాళ్లు ఆ రోజు కూడా నా ఎదురుగా కప్పులు పట్టుకుని కూర్చునే ఉన్నారు.

అలాంటి మసిందే లారీ దిగి లోపలికొచ్చాడు. అరవలేదు. అరిచుంటే నాకంత భయం వేసేది కాదు. ఎల్డోరెట్ నుంచి వచ్చిన కిప్‌టూ అనే కుర్రాడు అప్పటికే లేచి నిలబడి, చేతిలో మందాజీతో తన సాక్ష్యం మొదలుపెట్టాడు.

"కూర్చో తమ్ముడూ, ఇవాళ ముందు నాది," అన్నాడు మసిందే.

కిప్‌టూ కూర్చున్నాడు. మందాజీ మాత్రం నోటిదాకా వెళ్లలేదు.

"ఈ ఫుండీ చేతిలో మహత్తుందని ఇక్కడే కూర్చుని మీకందరికీ చెప్పాను. మా తమ్ముడికీ చెప్పాను. తీస్కెళ్లరా, తొక్కి చూడరా, అప్పుడు తెలుస్తుంది అని తాళాలు నేనే వాడి చేతిలో పెట్టాను. వాడిప్పుడు మంచం మీద ఉన్నాడు. దుప్పటి కదిలితే చాలు ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు మా నాన్న బెల్టు తీసినా ఏడ్చేవాడు కాదు వాడు." మసిందే మా అన్న వైపు వేలు చూపించాడు. "ఇదీ నా సాక్ష్యం. మిగతాది ఫుండీ చెప్పాలి."

అందరూ అన్న వైపు తిరిగారు. అన్న లారీ ఎక్కి నీలం బండి బానెట్టు లేపాడు. ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి వెలుతురుకి పట్టి చూశాడు. సమాధానం ఉంటే మా అన్న వెంటనే చెప్తాడు, లేకపోతే చేతులు తుడుచుకుంటాడు. ఆ రోజు గుడ్డ చిరిగేలా తుడుచుకున్నాడు.

"పెట్రోలు," అన్నాడు చివరికి. "దారిలో ఎక్కడో కిరోసిన్ కలిపింది పోయించుకున్నాడు మీవాడు. ఆ రోడ్డు మీద మామూలే."

"దారిలో చుక్క పోయించుకోలేదు. ట్యాంకు నిండా నేనే నింపి పంపాను. నేను రోజూ పోయించుకునే బంకులో."

"అయితే మరీ తొక్కేసుంటాడు."

"తొక్కడానికి కాకపోతే నీ దగ్గరికెందుకొస్తాంరా? దణ్ణం పెట్టుకోడానికా?"

ఎవరో కిసుక్కుమని నవ్వి, మసిందే మొహం చూసి ఆపుకున్నారు.

"పెట్రోలుది తప్పు. మా తమ్ముడి కాలిది తప్పు. ఇంకాసేపాగితే ఎదురొచ్చిన బస్సుది కూడా తప్పంటావు. నీ చెయ్యి తప్ప లోకంలో అన్నీ తప్పులే చేస్తాయి, అంతేనా ఫుండీ?"

ఇక్కడ కిప్‌టూ మధ్యలో దూరాడు. మంచి మనసుతోనే దూరాడు పాపం.

"అన్నా, కోపం తెచ్చుకోకు. నా బండికీ ఈ కొత్త ట్యూనింగే. ఎల్డోరెట్ దాకా ఎక్కుతూనే పోయాను. అక్కణ్ణుంచి ఇటెన్ కూడా ఎక్కాను. మేకపిల్లలా ఎక్కింది. ట్యూనింగులోనే తప్పుంటే నాదెందుకు పోలేదు చెప్పు?"

"విన్నావుగా," అన్నాడు అన్న. ఆ మాటలో ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినబడింది.

నేను అప్పుడు టీ పోస్తున్నాను. కిప్‌టూ నోట ఎక్కాను, ఎక్కాను అన్న మాటే నా చెవిలో ఉండిపోయింది. మా అన్న పద్ధతేమిటంటే, కస్టమరు బండి తను నడపడు. ఎవరి బండి వాళ్లే నడపాలి, ఎవరి కాలితో వాళ్లే తొక్కాలి. అన్న పక్క సీట్లో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, వాళ్ల కాలి తీరును బట్టి మార్పులు చేస్తాడు. ఊరు దాటాక లిమూరు వైపు ఎక్కే ఆ రోడ్డు మీదే ఆ పనంతా జరుగుతుంది. మా నైరోబీయే ఎత్తు, లిమూరు ఇంకా ఎత్తు. అంత ఎత్తున గాలి పల్చగా ఉంటుంది. ఆ పల్చటి గాలికి సరిపడేట్టు పెట్రోలు కొలిచి పెడతాడు.

ఇన్నేళ్లూ కాస్త వెసులుబాటు ఉంచి కొలిచేవాడు. అందుకే సముద్రం దాకా దిగిన బండ్లు కూడా క్షేమంగా తిరిగొచ్చాయి. ఈ వానాకాలంలో పక్క వీధిలో ఇంకో ట్యూనింగు షెడ్డు వెలిసింది. వాడికంటే నాలుగు గుర్రాల బలం ఎక్కువ చూపించాలన్న పంతంతో ఆ వెసులుబాటునంతా అన్న పిండేశాడు. పంతానికి పోవద్దని నేను అప్పుడే చెప్పాను, వింటేనా?

"అన్నా, కొత్త ట్యూనింగు చేశాక మొంబాసా వైపు దిగిన బండి ఇంకేదైనా ఉందా? ఇది కాకుండా?" అన్నాను.

అన్న చటుక్కున నా వైపు తిరిగి మా మేరు భాషలోకి మారాడు. షెడ్డులో మేమిద్దరం ఆ భాష ఎత్తితే దానికి ఒకటే అర్థం, కస్టమరు చెవిన పడకూడని మాట.

"లోపలికెళ్లు. ఇంకో మాట మాట్లాడావంటే ఇవాళ్టితో షెడ్డుకి తాళం పడుతుంది."

నాకు ఒళ్లు మండింది. అందరికీ తెలిసిన భాషలోనే అన్నాను. "కింద గాలి చిక్కగా ఉంటుంది కదన్నా. టర్బో ఆ చిక్కటి గాలిని ఇంజన్‌లోకి కూరేస్తుంది. పెట్రోలు మాత్రం నువ్వు కొండ మీద కొలిచినంతే పడుతుంది. ఇంక లోపల వేడి పెరగక ఏమవుతుంది?"

"టీ పోసేదానివి, టీ పొయ్యి."

"పోస్తూనే ఉన్నా. పోసేది చేతులన్నా, చెవులు కాదు. ఏళ్ల తరబడి ఈ సాక్ష్యాలన్నీ విన్నది నేను."

"ఆవిణ్ణెందుకు అంటావ్?" అని అడ్డొచ్చాడు మసిందే. "నన్ను చూసి చెప్పు. నీకు తెలుసా, తెలీదా?"

అన్న కిందకి చూస్తూ ప్లగ్గుని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. నాకు అన్న మీద అంత కోపంలోనూ జాలేసింది. చిన్నప్పుడు తప్పు చేసి అమ్మ ముందు నిలబడినప్పుడు కూడా ఇలాగే చేతిలో ఏదో ఒకటి తిప్పుతూ నిలబడేవాడు.

మసిందే ఇంకా గట్టిగా అడుగుతాడనుకున్నాను. అడగలేదు. దగ్గర్లో ఉన్న టైరు మీద కూలబడి మొహం రుద్దుకున్నాడు.

"అసలు ఇవాళ నేను మొంబాసాలో ఉండాలి. సిమియుని ఇంటికి తీసుకురావాలి. నా బండేమో ఇలా ఊరేగుతోంది. అందుకని నన్జాలా బయల్దేరింది, పొద్దున్నే, తన తెల్ల బండిలో. మా అమ్మ కూడా నా కొడుకుని నేనే తెచ్చుకుంటానని ఎక్కి కూర్చుంది."

నా చేతిలో జగ్గు వంగిపోయి, వేడి టీ కిప్‌టూ బూట్ల మీద పడింది. అతను గెంతాడు. నాకు సారీ చెప్పాలని కూడా తోచలేదు.

నన్జాలా మసిందే భార్య. ఆమె తెల్ల బండి కూడా టర్బోదే. మసిందేకి తెలియనిది నాకొకటి తెలుసు. మసిందే బండికి కొత్త ట్యూనింగు చేసి నెల తిరక్కముందే ఆమె ఒంటరిగా మా షెడ్డుకొచ్చింది. వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "మా ఆయనకి చెప్పనని ఒట్టు వెయ్యి కవీరా. పండక్కి మా ఊరు బుంగోమా వెళ్లేటప్పుడు ఆయన ముందెళ్లి, నత్తమ్మగారు ఎక్కడున్నారూ అని ఫోన్ చేసి ఏడిపిస్తాడు. ఈసారి ఆయన కళ్ల ముందు దాటి చూపిస్తా," అంది. మా షెడ్డులో ఒకరి బండికి ఏం చేశామో ఇంకొకరికి చెప్పం. మొగుడి సంగతి పెళ్లానికి చెప్పం, పెళ్లాం సంగతి మొగుడికి చెప్పం. అలా చెప్పడం మొదలుపెడితే సగం మంది కస్టమర్లు మళ్లీ మా గేటు తొక్కరు. నేను నవ్వుతూ ఒట్టేశాను. ఆవేళ లిమూరు రోడ్డు నుంచి తిరిగొచ్చి బండి దిగేసరికి అన్న చొక్కా చెమటతో తడిసిపోయింది. అది నత్త కాదే, గద్ద అన్నాడు నాతో.

నేను అన్న వైపు చూశాను. అన్నకీ అదే గుర్తొచ్చిందని మొహంలో తెలిసిపోయింది. అయినా మళ్లీ మేరులోనే అన్నాడు, ఈసారి బతిమాలుతున్నట్టు.

"చెప్పకే. పక్కన అత్తగారుంది, మెల్లగానే పోతుందిలే. అక్కడికి చేరగానే ఏదో వంక చెప్పి బండి తెప్పించుకుని, నేనే సరిచేస్తాను. ఎవరికీ తెలీదు."

చేరగానే అంటున్నాడు. చేరకపోతే?

"మసిందే అన్నా, నన్జాలా బండికి కూడా ఉంది," అన్నాను.

"ఏముంది?"

"ఇదే ట్యూనింగు. నీ బండికి చేసిందే. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

మసిందే మొదట నవ్వాడు. "నా భార్యా? కోడి అడ్డొస్తే బండి దిగి తోలే మనిషమ్మా అది."

"నువ్వు పక్కనుంటే అంతే."

అతని నవ్వు ఆగిపోయింది. అన్న వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. అన్న తలూపాడు. ఆ తలూపడంతో పెట్రోలు మాటా, కాలి మాటా అన్నీ కొట్టుకుపోయాయి. కూర్చున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. తమ బండ్ల వైపు చూసుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు.

"పొద్దున్నే బయల్దేరితే ఈపాటికి వోయ్ దగ్గర ఉండాలి," అన్నాడు కిప్‌టూ మెల్లగా. వోయ్ దాటాక రోడ్డు సముద్రం వైపు దిగుతూనే ఉంటుంది. మరియాకని ఆ దారిలోనే ఉంది.

మసిందే ఫోను తీశాడు. కంగారులో ఒకసారి తప్పు నంబరు నొక్కాడు. రెండోసారి కలిసింది. మాకందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టాడు.

"ఏంటండీ? డ్రైవింగులో ఉన్నా," అంది నన్జాలా. వెనక గాలి హోరు.

ముందు బండి ఆపమనాలి కదా! ప్రాణం మీదికొచ్చినా మొగుడు మొగుడే. మసిందే నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇదీ.

"నీ బండికి నాకు తెలీకుండా ట్యూనింగు చేయించావా?"



"ఎవరు చెప్పారు? ఆ కవీరానా? నా బండి జోలికి ఎవరూ రాలేదు. నేనేం చేయించలేదు."

"నన్జాలా, అది కాదు, నువ్వు ముందు..."

"ఆస్పత్రిలో ఉన్న మీ తమ్ముడి కోసం పోతున్నా నేను. ఈ పంచాయితీ ఇప్పుడా? ఇంటికొచ్చాక పెట్టుకుందాం."

ఫోను కట్ అయింది. మసిందే మళ్లీ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. అదే. ఆమె నాతో వేయించుకున్న ఒట్టు ఇప్పుడు మాకూ ఆమెకీ మధ్య అడ్డుగోడైంది. నేను దేవుడా, దేవుడా అనుకుంటూ నిలబడ్డాను.

"మీ అమ్మగారి దగ్గర ఫోనుందా?" అని అరిచింది నేనే.

ఉంది. పాత బటన్ల ఫోను, బుంగోమాలో చెల్లెలితో మాట్లాడుకోడానికి మసిందేనే కొనిచ్చాడట. అది మోగింది. మోగుతూనే ఉంది. ఇక ఎత్తదనుకున్నాక ఎత్తింది.

"ఎవరూ? మసిందేనా? గట్టిగా మాట్లాడరా, అద్దాలు దించున్నాయి."

"అమ్మా, బండి ఆపమను!"

"ఆఁ? వోయ్ దాటేశాం. టీ తాగాం. టీ కాదు, ఉత్త నీళ్లు."

"అమ్మా! నన్జాలాని బండి ఆపమని చెప్పు!"

"దానికి నీ మీద కోపంగా ఉందిరా. ఫోను వెనక్కి విసిరేసింది. ఏమన్నావు దాన్ని? ఒక మాట చెప్పనా, నీకంటే నయంగా నడుపుతోంది నా కోడలు. ఇందాకటి నుంచి ఎన్ని లారీలు దాటిందో! నువ్వు తీసుకెళ్తే పొద్దుపోయినా చేరేవాళ్లం కాదు."

 అన్న లారీ మీంచి ఒక్క గెంతులో కిందకొచ్చి ఫోను అందుకున్నాడు.

"అమ్మా, నేను ఫుండీ కిథింజిని. ఒక్కటి చెప్పమ్మా. బండి ముందు వైపు నుంచి ఏదైనా చప్పుడొస్తోందా?"

"వస్తోంది నాయనా. వోయ్ దాటినప్పటి నుంచీ వస్తోంది. రేకు డబ్బాలో మొక్కజొన్న గింజలు పోసి ఊపినట్టు. ఇది గట్టిగా తొక్కినప్పుడల్లా గలగలా అంటుంది. నేను రేడియో పాడైందేమో అనుకున్నా."

అన్న కళ్లు మూసుకున్నాడు. ఆ చప్పుడేమిటో మాలో బండి పని తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. లోపలి వేడికి పెట్రోలు ముందే పేలిపోయి పిస్టన్లని పగలగొట్టబోయేటప్పుడు వచ్చే చప్పుడది. ఆ తర్వాత ఇంజన్ ఏ క్షణాన ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

"తప్పు నాదే మసిందే," అన్నాడు అన్న.  వెంటనే ఫోన్లోకి అరిచాడు. "అమ్మా, నీ కోడలికి చెప్పు, కాలు తీసెయ్యమను. పక్కకి ఆపమను. ఇప్పుడే, ఈ క్షణమే!"

"సరే నాయనా, చెప్తాను. అరవకు. ముందు పెట్రోలు ట్యాంకరు ఒకటి ఉంది, అది దాటనీ. దాటేటప్పుడు పలకరిస్తే దీనికి చిరాకు." ఫోను పక్కకి జరిపిన చప్పుడు. ఆ వెనక ఇంజన్ మోత పెరిగింది. మళ్లీ ముసలావిడ గొంతు, సంబరంగా. "ఇదిగో, కుడి పక్కకి తీసింది."